బాబాయ్‌కి స్ట్రోక్ వచ్చిన 9 గంటలకి రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇచ్చారు, మరి నాలుగున్నర గంటల రూల్ సంగతేంటి?

చిన్నబ్బాయి:
అందరికీ నమస్కారం. న్యూరాలజీ తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే కొంచెం చెప్పండి ప్లీజ్. మా బాబాయ్‌కి 58, బీపీ ఉంది, టాబ్లెట్ ఒకరోజు వేసుకుంటే రెండ్రోజులు మర్చిపోయే టైపు. మొన్న పొద్దున ఎనిమిదింటికి పేపర్ చదువుతున్నవాడు ఉన్నట్టుండి కళ్ళు తిరుగుతున్నాయి అన్నాడు, లేచి నిలబడబోతే ఎడమపక్కకి ఒరిగిపోయాడు, ఇక అక్కణ్ణుంచి వాంతులే వాంతులు. మూతి వంకర పోలేదు, చెయ్యి కాలు పడిపోలేదు. దగ్గర్లో క్లినిక్‌కి తీసుకెళ్తే చెవికి సంబంధించింది అని వర్టిగో ఇంజెక్షన్ చేసి ఇంటికి పంపించేశారు. మధ్యాహ్నం అయ్యేసరికి మనుషులు ఇద్దరిద్దరు కనిపిస్తున్నారు అంటాడు, మాట ముద్దముద్దగా వస్తోంది. అప్పుడు ఒక పెద్ద హాస్పిటల్‌కి తీసుకెళ్ళాం, సీటీ తీసి బ్రెయిన్ నార్మల్‌గానే ఉంది, ఒకవేళ స్ట్రోకే అయినా నాలుగున్నర గంటలు దాటింది కాబట్టి ఇంజెక్షన్ ఇవ్వడానికి లేదు, అడ్మిట్ చేసి చూద్దాం అన్నారు. పిన్ని మాత్రం ఊరుకోలేదు, సంతకం పెట్టేసి వేరే హాస్పిటల్‌కి మార్పించింది.

అక్కడ ఎమ్మారై తీసి చిన్నమెదడులో స్ట్రోక్ ఉంది, పెద్ద నాళం ఏదీ మూసుకుపోలేదు, టైమ్ దాటినా వెనక భాగం కాబట్టి ఇంజెక్షన్ ఇవ్వొచ్చు, రిస్క్ ఉంది, ఆలోచించుకోండి అన్నారు. బీపీ 200 పైన ఉంటే ముందు అది తగ్గించి సాయంత్రం అయిదింటికి ఎక్కించారు. ఇప్పుడు పర్లేదు, రెండుగా కనిపించడం తగ్గింది, కూర్చోబెడితే కూర్చుంటున్నాడు.

నా డౌట్ ఏంటంటే, ఒక హాస్పిటల్లో కుదరదు అన్నది ఇంకో హాస్పిటల్లో ఎలా కుదిరింది? మెదడు వెనక భాగానికి వేరే టైమ్ ఉంటుందా, లేక రెండోవాళ్ళు మా మీద ప్రయోగం చేశారా? అందరూ తలో మాట చెప్తున్నారు, బుర్ర తిరిగిపోతోంది.

న్యూరో_పీజీ:
ముందు మీ పిన్నిగారికి ఒక దండం. నేను న్యూరాలజీ రెసిడెంట్‌ని. మీ బాబాయ్ స్కాన్లు చూడలేదు కాబట్టి ఆయన సంగతి ఆయన్ని చూసే డాక్టరే చెప్పాలి, మామూలుగా ఎలా ఉంటుందో నేను చెప్తా, కొంచెం పెద్దదే అవుతుంది ఓపిగ్గా చదవండి.

మెదడుకి రక్తం రెండు దార్లలో వెళ్తుంది. ముందువైపు కెరోటిడ్లు, మెడ మీద వేలు పెడితే కొట్టుకుంటూ తగిలేవి అవే. వెనకవైపు వర్టిబ్రల్ నాళాలు రెండు, మెడ ఎముకల్లో ఉండే కన్నాల్లోంచి పైకెళ్ళి పుర్రెలోకి చేరాక రెండూ కలిసి బేసిలర్ అనే ఒకే నాళం అవుతాయి, అది మళ్ళీ పైన రెండుగా చీలి మెదడు వెనక కొసకి, అంటే చూపుని చూసుకునే భాగానికి వెళ్తుంది. మధ్యలో చిన్నమెదడుకీ బ్రెయిన్ స్టెమ్‌కీ, అంటే మెదడుని వెన్నుపాముతో కలిపే కాండానికీ, కొమ్మలు ఇస్తుంది. గడ్డ అడ్డుపడి వచ్చే స్ట్రోకుల్లో దాదాపు 20 నుంచి 25 శాతం ఈ వెనకదారిలోవే.

ఇక్కడ చిక్కేంటంటే జనానికి స్ట్రోక్ అంటే మూతి వంకర, చెయ్యి పడిపోవడం, మాట పోవడం అని నేర్పించాం, ఆ మూడూ ఎక్కువగా ముందువైపు లక్షణాలు. వెనకవైపుది అలా రాదు. కళ్ళు తిరగడం, తూలడం, వాంతులు, ఒకటి రెండుగా కనిపించడం, ఒకపక్క చూపు పోవడం, మింగుతుంటే పొలమారడం, ఇలా వస్తుంది. ఒక్కోసారి మొహంలో ఒకపక్క, ఒంట్లో ఇంకోపక్క స్పర్శ తగ్గుతుంది, వేడి చల్ల తెలీదు. ఆగని ఎక్కిళ్ళతో వచ్చి చివరికి స్ట్రోక్ అని తేలినవాళ్ళు కూడా ఉంటారు. అందుకే ఇప్పుడు పాత మూడింటికి ముందు బ్యాలెన్స్, కళ్ళు అని రెండు కలిపి నేర్పుతున్నారు. మేం స్ట్రోక్ తీవ్రతకి మార్కులేసే ఎన్‌ఐహెచ్ స్కేలు కూడా చెయ్యి, కాలు, మాట మీదే ఎక్కువ మార్కులు పెట్టింది, మీ బాబాయ్‌లా నిలబడలేక ఒరిగిపోయే మనిషికి అందులో రెండో మూడో వస్తాయి అంతే, కాగితం మీద చూస్తే చిన్న స్ట్రోకే, మనిషి మాత్రం బాత్రూమ్ దాకా కూడా వెళ్ళలేడు.

రెండోది సీటీ. పుర్రె అడుగున ఎముక మందంగా ఉంటుంది, దాని వల్ల చిన్నమెదడు దగ్గర గీతలు గీతలుగా పడి బొమ్మ సరిగ్గా రాదు. పైగా మొదటి గంటల్లో గడ్డ స్ట్రోక్ సీటీలో కనపడకపోవడం మామూలే, ఆ టైమ్‌లో సీటీ తీసేది ముఖ్యంగా రక్తస్రావం లేదని చూసుకోడానికి. కాబట్టి సీటీ నార్మల్ అంటే బ్లీడింగ్ లేదు అని అర్థం, స్ట్రోక్ లేదు అని కాదు. ఆ మాటకొస్తే ఎమ్మారై కూడా మొదటి ఒకటి రెండు రోజుల్లో చిన్నవాటిని వదిలేస్తుంది. 2009లో వచ్చిన హింట్స్ స్టడీలో 12 శాతం స్ట్రోకులు మొదటి ఎమ్మారైలో కనపడలేదు, మంచం పక్కన కళ్ళ పరీక్ష చేస్తే మాత్రం దొరికాయి. ఆ పరీక్షకి మెషిన్ ఏం అక్కర్లేదు. పేషెంట్‌ని నా ముక్కు వైపే చూడండి అని చెప్పి తలని రెండు చేతుల్తో పట్టుకుని గబుక్కున కొంచెం పక్కకి తిప్పుతాం. చెవి సమస్య అయితే కళ్ళు తలతో పాటు జారిపోయి మళ్ళీ చటుక్కున ముక్కు మీదకి వస్తాయి. కళ్ళు ముక్కు మీదనుంచి కదలకుండా అలాగే నిలబడ్డాయంటే, అంటే చూడ్డానికి నార్మల్‌గా ఉందంటే, అప్పుడు మేం భయపడతాం. గంటల తరబడి ఆగకుండా కళ్ళు తిరుగుతున్న మనిషిలోనే దీనికి అర్థం ఉంటుందనుకోండి, వచ్చి పోయే తిరుగుడుకి ఇది పనికిరాదు.

ఇక టైమ్ సంగతి. 1995లో అమెరికా ట్రయల్‌తో మూడు గంటలు అని వచ్చింది, 2008లో యూరప్ ట్రయల్‌తో నాలుగున్నర అయింది. వాటిల్లో వెనకవైపు స్ట్రోకులు బాగా తక్కువ. ముందువైపు వాళ్ళతో కట్టిన లెక్కనే మెదడు మొత్తానికీ వాడుకుంటూ వచ్చాం. వెనకవైపు లక్షణాలు నెమ్మదిగా, మెట్లు మెట్లుగా బయటపడటం ఎక్కువ, గుర్తుపట్టడం లేటు, దాంతో ఈ పేషెంట్లు చాలామంది నాలుగున్నర దాటాకే న్యూరాలజిస్ట్ కంట పడతారు. దాని మీదే చైనాలో ఎక్స్‌పెక్ట్స్ అని ట్రయల్ చేసి 2025లో న్యూ ఇంగ్లండ్ జర్నల్లో వేశారు. వెనకవైపు స్ట్రోక్ వచ్చి నాలుగున్నర నుంచి 24 గంటల మధ్య ఉన్న 234 మందిని తీసుకుని సగం మందికి గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఆల్టెప్లేజ్, సగం మందికి మామూలు మందులు. 90 రోజులకి తమ పనులు తాము చేసుకోగలిగినవాళ్ళు ఇంజెక్షన్ వైపు 89.6 శాతం, రెండోవైపు 72.6 శాతం. తల్లో రక్తస్రావమై పరిస్థితి దిగజారింది 1.7 శాతం, 0.9 శాతం.

అందుకని మీవాళ్ళ మీద ప్రయోగం ఏం చెయ్యలేదు, ఆధారం ఉండే చేశారు. మొదటి హాస్పిటల్ వాళ్ళు చెప్పిన నాలుగున్నర కూడా పుస్తకంలో ఉన్న మాటే, దాన్ని తప్పు పట్టలేం. నాకు వాళ్ళ మీద కోపం ఎక్కడంటే సీటీ నార్మల్ అనగానే రక్తనాళాల బొమ్మ తియ్యకుండా ఆగిపోవడం. బేసిలర్ మూసుకుపోయి ఉంటే?

సందేహాలరావు:
సార్ నేను డాక్టర్‌ని కాదు, లెక్కలు మాత్రం చూస్తా. ఇంజెక్షన్ లేకుండానే 72 మంది బాగుపడ్డారు అని మీరే రాశారు. అంటే నూటికి 72 మందికి అనవసరంగా రిస్క్ ఉన్న మందు ఎక్కించినట్టే కదా? పైగా 234 అంటే పెద్ద నంబరా? గుండె మందుల ట్రయల్స్ వేలల్లో ఉంటాయి.

న్యూరో_పీజీ:
రావుగారూ మంచి ప్రశ్నే, ఇందులో నేను మీతో సగం ఒప్పుకుంటా. ఆ ట్రయల్లో చేరినవాళ్ళు ఎక్కువమంది తక్కువ తీవ్రతవాళ్ళే, వాళ్ళలో చాలామంది ఎలాగూ బాగుపడేవాళ్ళే. తేడా 17 శాతం, అంటే సుమారు ఆరుగురికి ఇస్తే ఒకరు అదనంగా తన కాళ్ళ మీద తను నిలబడ్డాడు. చిక్కేంటంటే ఆ ఒక్కరూ ఎవరో ముందే తెలీదు. చిన్నది అని వదిలేసిన స్ట్రోక్ రాత్రికి రాత్రి పెద్దదయి తెల్లారేసరికి మనిషి కళ్ళు తెరవకపోవడం ఈ వెనకదారిలో మాకు బాగా అలవాటైన భయం.

234 చిన్న నంబరే, అందులో డౌట్ లేదు. ఒకే దేశంలో చేశారు, అక్కడ పుర్రెలోపలి నాళాలకి కొవ్వు పట్టడం వల్ల వచ్చే స్ట్రోకులు ఎక్కువ. అందుకే నాలుగున్నర దాటిన ప్రతి కళ్ళు తిరుగుడుకీ ఇంజెక్షన్ పొడిచెయ్యండి అని ఎవరూ అనట్లేదు. ఇంకో మాట, ఇది బాగా ముఖ్యం, గడ్డని లాగేసే ప్రొసీజర్, అదే థ్రాంబెక్టమీ, చెయ్యాలనుకున్నవాళ్ళని ఆ ట్రయల్లో తీసుకోలేదు. బేసిలర్ మూసుకుపోతే కథ పూర్తిగా వేరు. అది బ్రెయిన్ స్టెమ్‌లో ఎక్కువ భాగానికి రక్తం ఇచ్చేది, తెరవకపోతే ఎక్కువమంది చనిపోతారు లేదా లాక్డ్ ఇన్ అవుతారు, అంటే మనిషికి అన్నీ తెలుస్తుంటాయి, కనురెప్పలు ఆడించడం, కళ్ళు పైకీ కిందకీ తిప్పడం తప్ప ఏదీ కదలదు. 2022లో అటెన్షన్, బావోచే అని రెండు ట్రయల్స్ వచ్చాయి, రెండూ చైనావే. మొదటిది 12 గంటల్లోపు వచ్చినవాళ్ళది, రెండోది 6 నుంచి 24 గంటల మధ్య వాళ్ళది. ఎవరి ఆసరా లేకుండా నడవగలిగినవాళ్ళు గడ్డ లాగినవైపు రెండింట్లోనూ 46 శాతం, లాగనివైపు 23, 24. అంత తేడా మా ఫీల్డులో అరుదు. టైమ్‌లో ఉంటే ఇంజెక్షన్ కూడా ఇచ్చి లాగడానికి పంపుతాం, ఒకటి ఇచ్చాం కదా అని రెండోది ఆపకూడదు.

రక్తస్రావం రిస్క్ గురించి కూడా చెప్పాలి. ఈ ఇంజెక్షన్ అంటే జనానికి ఉన్న భయం 1995 ట్రయల్లోని 6.4 శాతం నుంచి వచ్చింది. వెనకవైపు స్ట్రోకులకి ఇచ్చినప్పుడు అది ముందువైపు వాటితో పోలిస్తే సుమారు సగమే అని హాస్పిటళ్ళ పేషెంట్ల రికార్డులు కలిపి చూసినప్పుడు తేలింది. దెబ్బతిన్న భాగం చిన్నగా ఉండటం ఒక కారణం. అయినా సున్నా కాదు. వచ్చినప్పుడు పుర్రె వెనక ఖాళీ అస్సలు ఉండదు కాబట్టి కొంచెం రక్తానికే ఇబ్బంది.

అమ్మకూచి:
లాక్డ్ ఇన్ మాట చదివి గుండె ఝల్లుమంది. మా అమ్మకి బేసిలర్‌లో గడ్డే. పొద్దున్నే లేచి కళ్ళు మసగ్గా ఉన్నాయి అంది, కాసేపటికి మాట్లాడుతూ మాట్లాడుతూనే నిద్రలోకి జారిపోయింది, పిలిస్తే పలకదు, చేతులు మధ్యమధ్యలో కొట్టుకున్నాయి. అందరూ ఫిట్స్ అన్నారు, షుగర్ పడిపోయింది అన్నారు, ఏమన్నా మింగిందా అని కూడా అడిగారు, ఆ మాటకి నాన్న మీద నాకు ఏడుపొచ్చింది. అక్కడున్న డ్యూటీ డాక్టరమ్మాయి కనుపాపలు చూసి వెంటనే సీటీతో పాటు యాంజియో, అదే రక్తనాళాల బొమ్మ, తియ్యమని గొడవపెట్టి తీయించింది. ఇంజెక్షన్ మొదలుపెట్టి అదే అంబులెన్స్‌లో గడ్డ తీసే చోటికి పంపారు. ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తుంది, ఎడమ పక్క చూపు కొంచెం లేదు, తలుపు అంచుకి గుద్దుకుంటూ ఉంటుంది. చిన్నబ్బాయి గారూ మీ బాబాయ్‌కి పెద్ద నాళం మూసుకుపోలేదు అన్నారు చూడండి, అది మంచి వార్త, దానికి సంతోషించండి.

నైట్‌షిఫ్ట్_సిస్టర్:
నేను స్ట్రోక్ యూనిట్‌లో నర్స్‌ని. డాక్టర్లు రాయని విషయం నేను రాస్తా, ఆ అయిదింటికి మీ బాబాయ్ మంచం దగ్గర ఏం జరిగి ఉంటుందో.

ఆల్టెప్లేజ్ పొడిగా వస్తుంది, స్టెరైల్ వాటర్ కలుపుకోవాలి. ఊపకూడదు, ఊపితే నురగ వస్తుంది, రెండు చేతుల మధ్య పెట్టి మెల్లగా తిప్పాలి, బయట చుట్టాలు తొందరపెడుతుంటే ఆ తిప్పడం యుగాల్లా అనిపిస్తుంది. డోస్ బరువుని బట్టి, కిలోకి 0.9 మిల్లీగ్రాములు, ఎంత బరువున్నా 90 దాటకూడదు. 70 కిలోల మనిషికి 63. అందులో పదోవంతు అంటే 6.3 ఒక నిమిషంలో ఇస్తాం, మిగతా 56.7 పంపు మీద గంట సేపు. బాటిల్ ఖాళీ అయ్యాక పంపు ఆపేస్తే గొట్టంలో ఉన్న మందు అక్కడే ఉండిపోతుంది, అందుకే వెనకాల సెలైన్ పెట్టి అదే స్పీడులో ఆ కాస్తా లోపలికి పంపాలి. కొత్తగా వచ్చిన పిల్లలకి నేను మొదట చెప్పేది ఇదే. ఇప్పుడు గడ్డ కరిగించే ఇంకో మందు టెనెక్టెప్లేజ్ అయితే ఈ బాధ లేదు, కిలోకి 0.25 లెక్కన, 25 దాటకుండా, ఒక్క సిరంజితో అయిపోతుంది. కానీ నాలుగున్నర తర్వాత వెనకవైపుకి పైన చెప్పిన ట్రయల్లో ఇచ్చింది ఆల్టెప్లేజ్, రెండిటినీ కలిపేసి చదవకండి.

బీపీ 200 ఉంటే ఎందుకు తగ్గించారు అంటే 185/110 లోపు ఉంటేనే మొదలుపెడతాం. ఇచ్చాక 24 గంటలూ 180/105 దాటనివ్వం. మొదటి రెండు గంటలు 15 నిమిషాలకోసారి, తర్వాత ఆరు గంటలు అరగంటకోసారి, తర్వాత గంటకోసారి బీపీ, కళ్ళు, మాట, చేతులు చూస్తాం. పేషెంట్లు నిద్రపోనివ్వరా అని తిడతారు, తిట్టనివ్వండి. తలనొప్పి గట్టిగా వచ్చినా, మళ్ళీ వాంతి అయినా, మగతగా అయినా ముందు మందు ఆపేసి ఆ తర్వాత డాక్టర్‌కి ఫోన్ చేస్తాం. బీపీకి ప్రిల్ అని ముగిసే టాబ్లెట్లు వాడేవాళ్ళకి, ఎనలాప్రిల్ రామిప్రిల్ లాంటివి, నాలుక పెదాలు వాచే అవకాశం కొంచెం ఎక్కువ, అందుకని నాలుక చాపమని మాటిమాటికీ అడుగుతాం. 24 గంటల తర్వాత మళ్ళీ స్కాన్ తీసి రక్తస్రావం లేదని చూసేదాకా ఆస్పిరిన్ కూడా ఇవ్వం, మా అన్నయ్య డాక్టర్ ఆస్పిరిన్ వెయ్యమన్నాడు అని జేబులోంచి తీసి వేసే చుట్టాలు ఉంటారు, దయచేసి అలా చెయ్యకండి.

ఇంకోటి, చిన్నమెదడు స్ట్రోక్ అన్నారు కాబట్టి. బాగానే ఉన్నాడు అని ఇప్పుడే ఇంటికి తీసుకెళ్తాం అనకండి. చిన్నమెదడు వాస్తే ఆ వాపు మూడో రోజు చుట్టుపక్కల ఎక్కువ ఉంటుంది, పక్కనే మెదడులోని నీరు వెళ్ళే దారి నొక్కుకుపోతుంది, మనిషి మెల్లగా మత్తులోకి వెళ్తాడు. అప్పుడు న్యూరోసర్జన్ వెనక పుర్రె ఎముక తీసి చోటు ఇవ్వాల్సి వస్తుంది. టైమ్‌కి చేస్తే చాలామంది బాగా కోలుకుంటారు.

చిన్నబ్బాయి:
న్యూరో_పీజీ గారూ, సిస్టర్ గారూ చాలా చాలా థాంక్స్, పిన్నికి మొత్తం చదివి వినిపించా, దండం మాటకి చాన్నాళ్ళకి నవ్వింది. రెండు చిన్న డౌట్లు. రక్తం పల్చబడే మందు వాడుతున్న మనిషి అయ్యుంటే ఇవ్వరా? మా నాన్న గుండె దడకి వార్ఫరిన్ వాడుతున్నాడు, ఇప్పుడు ఆయన గురించి భయం మొదలైంది. రెండోది, బాబాయ్ దాహం దాహం అంటున్నాడు, ఇక్కడ మంచినీళ్ళు కూడా ఇవ్వనివ్వట్లేదు, ముక్కులో గొట్టం వేస్తాం అంటున్నారు. తిన్నగా మాట్లాడుతున్న మనిషికి గొట్టం ఎందుకు? ఇలా అడిగితే వాళ్ళకి కోపం వస్తుందేమో అని అడగలేదు.

న్యూరో_పీజీ:
వార్ఫరిన్ మీద ఉంటే ఐఎన్‌ఆర్, అంటే రక్తం ఎంత పల్చబడిందో చెప్పే పరీక్ష, చూస్తారు, 1.7 దాటితే ఈ ఇంజెక్షన్ ఇవ్వరు. రక్తం పల్చబడే కొత్తరకం మందులైతే చివరి డోస్ ఎప్పుడు వేసుకున్నారు అన్నది ముఖ్యం, 48 గంటల్లోపు వేసుకుంటే మామూలుగా ఇవ్వం. కానీ గడ్డ లాగడానికి ఈ మందులు అడ్డం కావు. నాన్నగారి టాబ్లెట్ల పేర్లు, చివరి ఐఎన్‌ఆర్ రాసిన కాగితం ఒకటి ఆయన పర్సులో పెట్టండి. దడ ఉన్నవాళ్ళు వార్ఫరిన్ మానేస్తేనే గడ్డలు ఎక్కువ, భయపడి మాన్పించకండి. ఆయనకి ఏదన్నా అయితే ముందు చెప్పాల్సింది చివరిసారి బాగా ఉన్నది ఎన్నింటికి అన్నది, లక్షణం మనం చూసిన టైమ్ కాదు. నిద్రలో వస్తే పడుకున్న టైమే లెక్క.

నైట్‌షిఫ్ట్_సిస్టర్:
కోపం ఎందుకొస్తుంది, అడగండి. మాట తిన్నగా రావడం వేరు, మింగడం వేరు. వెనకవైపు స్ట్రోక్‌లో గొంతు కండరాల నరాలు దెబ్బతింటే నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతాయి, కొంతమందికి దగ్గు కూడా రాదు, రెండ్రోజులకి న్యుమోనియా అని తెలుస్తుంది. స్ట్రోక్‌ని దాటొచ్చి న్యుమోనియాతో పోయినవాళ్ళని చూశాను. స్పీచ్ థెరపిస్ట్ వచ్చి చెంచాతో మొదలుపెట్టి మింగుడు పరీక్ష చేస్తారు, పాసైతే గొట్టం అవసరమే ఉండదు. మీ వార్డులో ఆ పరీక్ష ఎప్పుడు చేస్తారో ఇవాళే అడగండి. అప్పటిదాకా పెదాలకి తడిగుడ్డ అద్దొచ్చు, నోట్లో మాత్రం చుక్క పొయ్యకండి. నోరు శుభ్రంగా తుడవడం మర్చిపోవద్దు, రోజుకి మూడు నాలుగుసార్లు.